కప్పుల్లో ఇచ్చిన కొలతను గ్రాముల్లోకి మార్చడం: అసలు ఒక కప్పు మైదా ఎన్ని గ్రాములు?

నీలిగిన్నె అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కిచెన్ స్కేల్ కొన్నాను. నాకు నచ్చిన ఒక కేక్ రెసిపీ మొత్తం కప్పుల్లోనే ఉంది: మైదా రెండుంబావు కప్పులు, పంచదార ముప్పావు కప్పు, బటర్ అర కప్పు, తేనె పావు కప్పు, పాలు ముప్పావు కప్పు, గుడ్లు రెండు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూన్. దీన్ని ఒక్కసారి గ్రాముల్లోకి మార్చి రాసి పెట్టుకుంటే ఇక కప్పుల జోలికి వెళ్లక్కర్లేదని నా ఆలోచన.

తీరా ఆన్‌లైన్‌లో పట్టికలు చూస్తే ఒక్కోటి ఒక్కో మాట చెబుతోంది. కప్పు మైదా అంటే ఒకచోట 120 గ్రాములు, ఒకచోట 130, ఇంకోచోట 150. కప్పంటే 240 మిల్లీలీటర్లని కొందరు, 250 అని కొందరు. పంచదార మాత్రం దాదాపు అందరూ 200 అనే అంటున్నారు. మైదాకే ఎందుకింత తేడా? ఏది నమ్మాలి?

ఇంకో సందేహం. నా స్కేల్ మీద గ్రాములతో పాటు ఎంఎల్ అనే బటన్ కూడా ఉంది. తేనె, నూనె లాంటివి ఆ బటన్ నొక్కి కొలుచుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

తూకంరాళ్లు

నీలిగిన్నె గారూ, నేను కెమిస్ట్రీ ల్యాబ్‌లో పని చేస్తాను. పగలంతా తూకాలూ కొలజాడీలే, ఇంటికొస్తే బేకింగ్. అందుకే మీ ప్రశ్న చూసి ఆగలేకపోయాను. కొంచెం పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు చూసిన 120, 130, 150 మూడూ నిజమైన అంకెలే. మైదా పొడి కదా, రేణువుల మధ్య గాలి ఉంటుంది. ఆ గాలి ఎంత ఉందన్నదాన్ని బట్టి అదే కప్పులో పట్టే మైదా మారిపోతుంది. చెంచాతో మైదాను కాస్త కదిలించి గుల్ల చేసి, మెల్లగా కప్పులోకి వేసి, పైన కత్తి వీపుతో సమంగా గీస్తే 120 నుంచి 125 గ్రాములు వస్తుంది. కప్పునే డబ్బాలో ముంచి తీసి గీస్తే 140 నుంచి 150. నింపాక కప్పును బల్ల మీద ఒక్కసారి తట్టి చూడండి, పైమట్టం కళ్ల ముందే కిందికి దిగుతుంది. ఆ ఖాళీలో ఇంకో రెండు చెంచాలు వేసేవాళ్లు ఉన్నారు, వేయనివాళ్లు ఉన్నారు. పంచదార రేణువులు గట్టివి, గరుకుగా ఉన్నా ఒకదాని పక్కన ఒకటి చక్కగా సర్దుకుంటాయి, తట్టినా పెద్దగా దిగవు. అందుకే దానికి అందరూ 200 దగ్గరే ఉన్నారు.

మీ రెసిపీలో ఈ తేడా ఎంతవుతుందో చూడండి. రెండుంబావు కప్పులకు 120 చొప్పున 270 గ్రాములు, 150 చొప్పున అయితే దాదాపు 338 గ్రాములు. 68 గ్రాముల తేడా. అంటే అర కప్పు పైనే మైదా ఎక్కువ పడుతుంది. కేక్ పొడిపొడిగా, గట్టిగా రావడానికి అది చాలు.

ఇక కప్పు సంగతి. కప్పు అన్నది ఒక్కో దేశంలో ఒక్కో సైజు. అమెరికా కప్పు 236.6 మిల్లీలీటర్లు. అక్కడి ఆహార ప్యాకెట్ల లేబుళ్ల మీద మాత్రం దాన్ని 240గా లెక్కిస్తారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 250. జపాన్ వంటల్లో కప్పంటే 200. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న కప్పు ఇంకా తక్కువ, సుమారు 180. రెసిపీ రాసినవాళ్లు ఏ కప్పు వాడారో తెలిస్తేనే లెక్క మొదలవుతుంది. బటర్‌ని "స్టిక్" లెక్కన చెప్పారంటే అది అమెరికా రెసిపీ అనుకోవచ్చు. ఒక స్టిక్ అంటే అర కప్పు, 113 గ్రాములు. అదే టేబుల్ స్పూన్ అంటే 20 మిల్లీలీటర్లని ఎక్కడైనా రాసి ఉంటే అది ఆస్ట్రేలియాది. మిగతా చోట్ల టేబుల్ స్పూన్ 15 మిల్లీలీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

అన్నీ ఒకే కప్పుతో కొలిచినప్పుడు కప్పు చిన్నదైనా పెద్దదైనా పాళ్లు చెడవు కదా అని మీకు అనిపించొచ్చు. చాలావరకు నిజమే. కానీ గుడ్డు కప్పుతో పాటు చిన్నదవదు, పెద్దదవదు. 200 మిల్లీలీటర్ల కప్పుతో అమెరికా రెసిపీ చేస్తే మిగతావన్నీ ఆరో వంతు దాకా తగ్గుతాయి, గుడ్లు మాత్రం రెండూ అలాగే ఉంటాయి. బేకింగ్ పౌడర్‌కీ ఇదే వర్తిస్తుంది, అది చెంచా లెక్క కాబట్టి.

ఇప్పుడు మీ ఎంఎల్ బటన్. తేనెకీ నూనెకీ దాన్ని వాడకండి. స్కేల్‌కి తెలిసేది బరువు ఒక్కటే. ఎంఎల్ నొక్కగానే అది గిన్నెలో ఉన్నది నీళ్లే అనుకుని, గ్రాముల అంకెనే మిల్లీలీటర్లుగా చూపిస్తుంది. కొన్నిటిలో పాలకు వేరే సెట్టింగ్ ఉంటుంది, అంతే. తేనె నీళ్ల కంటే బాగా బరువు, 100 మిల్లీలీటర్లు 142 గ్రాములు తూగుతుంది. మీకు కావలసిన పావు కప్పు అంటే 59 మిల్లీలీటర్లు. స్కేల్ 59 ఎంఎల్ చూపించేదాకా తేనె పోస్తే, నిజానికి గిన్నెలో పడేది 42 మిల్లీలీటర్లే. ఒక టేబుల్ స్పూన్ పైనే తక్కువ పడినట్టు. నూనెకి దీనికి తిరగేసి జరుగుతుంది. అది నీళ్ల కంటే తేలిక, స్కేల్ 100 ఎంఎల్ అన్నప్పుడు నిజంగా పడింది 109 దాకా ఉంటుంది.

తేనెకి నేను చేసే పని చెబుతాను. తేనె సీసాను మూత తీసి స్కేల్ మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేస్తాను. చెంచాతో తీసి గిన్నెలో వేస్తుంటే స్కేల్ మైనస్‌లో చూపిస్తుంది. మైనస్ 84 రాగానే ఆపేస్తాను, పావు కప్పు అయినట్టే. కప్పుకి అంటుకుపోయి సగం అందులోనే మిగిలే బాధ ఉండదు. చెంచాకి అంటుకున్నది మాత్రం గిన్నెలోకి పూర్తిగా గీకేయాలి, ఎందుకంటే స్కేల్ దాన్ని కూడా తీసినట్టే లెక్కేస్తుంది. వేరుశనగ వెన్న లాంటి జిగట సరుకు ఏదైనా ఇలాగే.

మీరు చేయాల్సిన మొదటి పని మాత్రం మీ కప్పును తూయడం. ఖాళీ కప్పు స్కేల్ మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయండి. గది వేడిలో ఒక గ్రాము నీళ్లంటే ఒక మిల్లీలీటరే, తేడా అర శాతం కూడా ఉండదు. ఒక్క జాగ్రత్త: నీళ్లు అంచు దాటి పైకి ఉబ్బి కూడా ఒలకకుండా నిలబడతాయి, అదంతా కొలతలోకి వచ్చేస్తుంది. కప్పును కంటి ఎత్తులోకి తెచ్చుకుని పక్క నుంచి చూడండి. ఉబ్బు కనిపిస్తే ఒక్కో చుక్కా తీస్తూ, మట్టం బల్లపరుపుగా అయ్యాక అంకె చూడండి. 240 అని అచ్చు వేసిన కప్పులో 225 మాత్రమే పట్టడం నేను చూశాను.

తర్వాత అదే కప్పుతో మీ మైదాను రెండు రకాలుగానూ, చెంచాతో వేసి, ముంచి తీసి, కొలిచి తూయండి. ఒక్కో రకం మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టండి, మిగతా లెక్క కలిసి చేద్దాం.

పులిసినపిండి

తూకంరాళ్లు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతున్నాను. నేను బేకరీ వంటగదిలో పని చేస్తాను. మా దగ్గర కప్పు అన్న మాటే వినపడదు. నీళ్లు, పాలు, నూనె, గుడ్లు అన్నీ గ్రాములే. మైదాని 100 అనుకుని మిగతావన్నీ దాని మీద శాతాల్లో రాసుకుంటాం. మామూలు బ్రెడ్‌కి నీళ్లు 65, ఉప్పు 2, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1. మైదా 500 గ్రాములైతే నీళ్లు 325, ఉప్పు 10, ఈస్ట్ 5. రేపు పది కిలోలు చేయాలన్నా అదే కాగితం పనికొస్తుంది.

కాబట్టి నా సలహా, ఉప్పుతో సహా అన్నీ గ్రాముల్లోకి మార్చేయండి. ముఖ్యంగా ఉప్పు. సన్నటి ఉప్పు టీస్పూన్ 6 గ్రాములు ఉంటే, పొరలుపొరలుగా ఉండే తేలికపాటి ఉప్పు అదే టీస్పూన్‌లో 3 గ్రాములే పడుతుంది. చెంచా లెక్క నమ్ముకుని ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే ఉప్పు రెట్టింపు అయిపోతుంది. జల్లెడ గొడవ కూడా ఉండదు. మైదా జల్లించక ముందు తూచినా, జల్లించాక తూచినా బరువు అదే.

తూకంరాళ్లు

పులిసినపిండి గారూ, ఉప్పు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నీళ్లు తూయమన్నదీ సరైనదే, కొలజాడీలో గీత దగ్గర కళ్లు చికిలించుకునే కంటే అదే సులువు. కానీ ఇంట్లో చిన్న మొత్తాలకు, ముఖ్యంగా ఈస్ట్, సోడా, బేకింగ్ పౌడర్‌కి, ఒక ఇబ్బంది ఉంది. మీ దగ్గర పది కిలోల మైదాకి ఈస్ట్ 100 గ్రాములు తూస్తారు, అక్కడ ఒక గ్రాము అటూ ఇటూ అయినా ఏమీ కాదు. ఇంట్లో స్కేళ్లు చాలావరకు ఒక్కో గ్రామే చూపిస్తాయి. స్కేల్ 3 అంటే అది రెండున్నర కావచ్చు, మూడున్నర కావచ్చు. అంటే ఆరో వంతు దాకా తప్పొచ్చు. సమంగా గీసిన టీస్పూన్ అంత తప్పదు.

దీనికి తోడు ఇంకొకటి. చాలా స్కేళ్లు సున్నా దగ్గర చిన్న చిన్న కదలికల్ని పట్టించుకోవు, తమంతట తామే మళ్లీ సున్నాకి సర్దుకుంటాయి. అంకె ఊరికే ఊగకుండా ఉండాలని అలా తయారుచేస్తారు. కానీ మీరు ఈస్ట్‌ని చిటికెడు చిటికెడుగా చల్లుతూ ఉంటే, గిన్నెలో ఈస్ట్ కనిపిస్తూనే ఉంటుంది, స్కేల్ మాత్రం 0 దగ్గరే ఉంటుంది. నాకు ఇది చాలా టెన్షన్ పెట్టే విషయం, ఎందుకంటే స్కేల్ బాగానే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు వేరే చిన్న గిన్నెలో కావలసినంత ఉంటుందనిపించినంత తీసుకుని ఒకేసారి పెట్టి చూడాలి. లేదా 0.1 గ్రాము చూపించే చిన్న స్కేల్ ఉండాలి.

అందుకే ఇంట్లో చేసుకునేవాళ్లకు నా మాట: 10 గ్రాముల లోపు ఏదైనా చెంచాతోనే, సమంగా గీసి. పైవన్నీ తూకంతో. ఉప్పు రకం మారితే మాత్రం ఒకసారి పది టీస్పూన్లు కలిపి తూచి పదితో భాగించండి, అప్పుడు మామూలు స్కేల్‌తోనే మీ ఉప్పు సంగతి తేలిపోతుంది.

పులిసినపిండి

పది చెంచాలు కలిపి తూయడం బాగుందండీ. ఇంటి స్కేల్‌కి అదే సరైన దారి, ఒప్పుకుంటున్నాను.

సాయంత్రంవేళ

ఔన్సుల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత రెసిపీల్లో అదే పెద్ద చిక్కు. ఔన్సుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి బరువు, 28.35 గ్రాములు. ఇంకొకటి ద్రవాల కొలత, ఫ్లూయిడ్ ఔన్సు. "కప్పంటే 8 ఔన్సులు" అన్న మాట రెండోదాని గురించి. కొంతమంది దాన్ని బరువనుకుని కప్పు మైదా 227 గ్రాములు అని రాసేస్తారు. మీకు అలాంటి పట్టిక కనిపిస్తే మూసేయండి, మైదా దాదాపు రెట్టింపు పడుతుంది.

ఫ్లూయిడ్ ఔన్సు కూడా ఒకటి కాదు. అమెరికాది 29.57 మిల్లీలీటర్లు, బ్రిటన్‌ది 28.41. అమెరికా వాళ్లది 231 ఘనపు అంగుళాల పాత గ్యాలన్ నుంచి వచ్చింది. బ్రిటన్ 1824లో ఆ గ్యాలన్ వదిలేసి, 10 పౌండ్ల నీళ్లు పట్టేంత కొత్త గ్యాలన్ పెట్టుకుంది. దాన్ని 160 భాగాలు చేశారు కాబట్టి వాళ్ల ఫ్లూయిడ్ ఔన్సు నీళ్లు సరిగ్గా ఒక ఔన్సు తూగేలా కుదిరింది. ఔన్సు వరకు తేడా చిన్నదే. పింట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అమెరికాది 473 మిల్లీలీటర్లు, బ్రిటన్‌ది 568. పాలు ఒక పింట్ అని రాసి ఉంటే ఆ రెసిపీ ఎక్కడిదో చూడకుండా పోయొద్దు.

నీలిగిన్నె

అందరికీ చాలా థాంక్స్ అండీ. తూకంరాళ్లు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. నా కప్పులో నీళ్లు 228 గ్రాములు పట్టాయి. కప్పు మీద మాత్రం 240 అనే ఉంది! మైదా చెంచాతో వేస్తే సగటున 118 గ్రాములు, ముంచి తీస్తే 146. రెసిపీలో బటర్ పక్కన "ఒక స్టిక్" అని కూడా ఉంది, అంటే అమెరికాదే అనుకుంటా. ఇప్పుడు నేను 118 రాసుకోవాలా, 146 రాసుకోవాలా?

తూకంరాళ్లు

చక్కగా చేశారు. ఆ రెండిట్లో ఏదీ రాసుకోకండి. 118 అన్నది మీ కప్పులో మీ మైదా. మీకు కావలసింది రెసిపీ రాసినవాళ్ల కప్పులో ఎంత పడుతుందన్నది. మీ కప్పు వాళ్ల కప్పు కంటే చిన్నది కదా.

118ని 228తో భాగించండి, 0.5175 వస్తుంది. చెంచాతో వేసినప్పుడు మీ మైదా ఒక మిల్లీలీటరు అన్ని గ్రాములన్నమాట. దాన్ని అమెరికా కప్పు 236.6తో హెచ్చిస్తే 122 గ్రాములు. రెండుంబావు కప్పులకు 275. ముంచి తీసిన లెక్కలో ఇదే విధంగా కప్పుకి 151, మొత్తం 341 దాకా వస్తుంది. పట్టికల్లో మీకు కనిపించిన 120, 150 ఇక్కడి నుంచే వచ్చాయని ఇప్పుడు మీ చేతి లెక్కతోనే తేలింది.

ఈ రెండిట్లో ఏది తీసుకోవాలన్నది రాసినవాళ్ల అలవాటు మీద ఉంటుంది. వాళ్లే రాసిన ఇంకో రెసిపీలో ఎక్కడైనా కప్పు పక్కన గ్రాములు ఇచ్చారేమో వెతకండి. దొరికితే ఇక అదే వాళ్ల కప్పు, ఈ రెసిపీకీ దాన్నే వాడండి. ఎక్కడా లేకపోతే 275తో మొదలుపెట్టండి. పిండి మరీ పల్చగా ఉంటే ఒక్కో చెంచా కలుపుకుంటూ పోవచ్చు, ఎక్కువైతే మాత్రం వెనక్కి తీయలేం. కలిపిన చెంచాలను కూడా తూచి రాసుకోండి, మీ అసలు అంకె అదే అవుతుంది.

మిగతావి నేను రాసి ఇస్తున్నాను. పంచదార 150 గ్రాములు, బటర్ 113, తేనె 84, పాలు 183. పాలు నీళ్ల కంటే కాస్త బరువు, అందుకే ముప్పావు కప్పు 177 మిల్లీలీటర్లయినా బరువు 183. గుడ్లు పెంకు లేకుండా ఒక్కోటి 50 గ్రాముల లెక్కన 100. మీ గుడ్లు చిన్నవైతే రెండూ కొట్టి తూచి, తక్కువైనంత మూడో గుడ్డును గిలకొట్టి కలపండి. బేకింగ్ పౌడర్, ఉప్పు చెంచాలతోనే ఉంచేయండి. మీ టీస్పూన్ సరైనదో కాదో కూడా నీళ్లతో చూసుకోవచ్చు, పది చెంచాల నీళ్లు 50 గ్రాముల దగ్గర ఉండాలి.

నీలిగిన్నె

ఇంత శ్రద్ధగా లెక్క చేసి ఇచ్చారు, నిజంగా థాంక్స్ అండీ. ఒక్క చివరి ప్రశ్న. ఇదే రెసిపీలో కింద "కావాలంటే తరిగిన బాదం ఒక కప్పు" అని ఉంది. దానికీ ఇలాగే లెక్క కట్టొచ్చా?

తూకంరాళ్లు

కట్టొచ్చు గానీ అంత అవసరం లేదు. ముక్క సైజును బట్టి కప్పులో పట్టేది మారిపోతుంది, రాసినవాళ్లు ఎంత సైజు తరిగారో మనకు తెలియదు. పైగా బాదం ఎక్కువైనా తక్కువైనా కేక్ పొంగడంలో తేడా రాదు. 120 గ్రాములు వేసి చూసి, మీ ఇష్టాన్ని బట్టి తర్వాతిసారి మార్చుకోండి. కోకో పొడి వేయాలనుకుంటే మాత్రం తప్పకుండా తూయండి. అది మైదా కంటే తేలిక, కప్పుకి 85 గ్రాముల దగ్గర ఉంటుంది, ఉండలు కట్టి ఉంటే కప్పులో ఎంత పట్టిందో అసలు చెప్పలేం.